బాలింత ఉపవాసం

రెండు వేల పదకొండు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. నేను అప్పుడు జగిత్యాలలో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆసుపత్రి పేరు రాయను. రాస్తే మా మేనేజరు గారికి ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది. ఆయనకు అంత మేలు చేయాలని నాకు లేదు.

మొదటి అంతస్తులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గది నా బాధ్యత. అందులో వార్మర్లు ఉండేవి. వార్మర్ అంటే పైనుంచి వేడి దిగే చిన్న మంచం. తల్లి కడుపులో దొరకాల్సిన వెచ్చదనాన్ని బయట కరెంటుతో ఇచ్చే యంత్రం. కరెంటు పోతే అది ఉత్త బల్ల.

ఆ సమ్మెలో కరెంటే పోయింది. గనుల్లో బొగ్గు తవ్వడం ఆగింది, కోతలు పెరిగాయి, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. నా కోపం సమ్మె మీద కాదు. తెలంగాణ రావాలని నేనూ కోరుకున్నదాన్నే. డ్యూటీ లేని రోజు రోడ్డు మీదే వండి తింటూ నిరసన తెలిపే వంటావార్పులో కూర్చొని ఉల్లిగడ్డలు కోసినదాన్నే. నా కోపం మా జనరేటరు మీద. జనరేటరు ఉంది. పిల్లల గదికి నడపండి అంటే, "డీజిల్ దొరుకుతలేదు సిస్టర్, ఆపరేషన్ థియేటర్‌కు దాచాలె" అనేవాడు మేనేజరు. దాచిన డీజిల్‌తో మధ్యాహ్నం పూట ఆయన గదిలో ఏసీ మాత్రం చల్లగా నడిచేది. నేను కాగితం మీద ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఆయన దాన్ని చదవకుండానే మడిచి, కౌంటరు దగ్గర అందరూ వింటుండగా, "ఫిర్యాదుల సిస్టరు మళ్ళ మొదలువెట్టింది" అని నవ్వాడు. ఆ పేరు నాకు అలాగే ఉండిపోయింది. ఆ నవ్వు నాకు ఇవాళ్టికీ గుర్తుంది.

ఆ రోజుల్లోనే కోరుట్ల నుంచి రజిత వచ్చింది.

నెలలు నిండకముందే ప్రసవం అయిపోయింది. ఆడపిల్ల. రెండు చేతులు పక్కపక్కన పెడితే అందులో సరిపోయేంత ఉంది. రజిత పుట్టిల్లు సిరిసిల్ల, మగ్గాలవాళ్ళు. కోరుట్ల అబ్బాయిని ఇష్టపడి, అతని కోసం బాప్తిస్మం తీసుకొని పెళ్ళి చేసుకుంది. పుట్టింటివాళ్ళు ఆ రోజే తలుపు మూశారు. భర్త మస్కట్‌లో ఉన్నాడు. కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు తమ దగ్గర పెట్టుకున్నారు, వద్దామన్నా వదలరు. అత్త బీడీలు చుడుతుంది. కోడలిని ఆటోలో తెచ్చి దింపి, మోకాళ్ళ నొప్పులతో వెనక్కి పోయింది. తర్వాత బస్సులు ఆగాయి. కోరుట్ల నుంచి వచ్చే పాలవ్యాను డ్రైవరు చేతికి రోజూ టిఫిన్ డబ్బా ఇచ్చి పంపేది. అంతకు మించి ఆమె మాత్రం ఏం చేయగలదు?

రజితకు ఇది రెండో కాన్పు. మొదటి బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే ఆమె ఒళ్ళోనే పోయింది.

కరెంటు కోతలు ఇలా ఉంటే లాభం లేదని మా డాక్టరు గారు కంగారూ కేర్ మొదలుపెట్టమన్నారు. కంగారూ కేర్ అంటే బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, బట్ట అడ్డం లేకుండా, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి గుడ్డతో కట్టేయడం. తల్లి ఒంటి వేడే వార్మర్. ఆరోగ్యంగా ఉన్న ఏ మనిషైనా చేయవచ్చు. డాక్టరు గారి మాట నూటికి నూరుపాళ్ళు సరైనది. కాని ఆయన అది చెప్పిన తీరు చూడండి. గుమ్మంలో నిలబడి, ఫోను చూసుకుంటూ, "కట్టుకో అమ్మా, లేకపోతే నీ ఇష్టం" అని వెళ్ళిపోయారు.

రజిత కట్టుకోనంది.

"నా ఒంటికి వద్దు సిస్టరమ్మా. నా చేతుల వడ్డది బతుకది. గా పిల్ల గూడ నా ఒళ్ళనే పోయింది."

"ఆ పిల్లకు గుండెల జబ్బుండె. నువ్వేం జేస్తవ్?"

"దేవుడు నన్ను ఇడిసిపెట్టిండు. మీకెర్క లేదు."

ఏడుపు లేదు, కోపం లేదు. సామాను ధర చెప్పినట్టు చెప్పింది. నాకు ఆ గొంతు వింటేనే భయం వేసింది. చివరికి పక్క మంచం దగ్గర మనవడికి తోడుగా ఉన్న మెట్‌పల్లి ఆమె, అందరం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం, లేచి వచ్చి రజిత కొంగు తానే పక్కకు జరిపింది. "సిగ్గెందుకు బేటీ, ఈడ మొగోడున్నడా? అల్లా ఇచ్చిన పొయ్యి ఇది, కట్టెలు అడుగది, కరెంటు అడుగది" అని నవ్విస్తూ బిడ్డను కట్టించింది. రజిత నవ్వలేదు. కాని బిడ్డను విప్పేయలేదు.

నేను సిరిసిల్లకు ఫోన్ చేశాను. రజిత తల్లి ఎత్తింది. మీ రజిత కష్టంలో ఉందని చెప్పాను.

"మా దేవుళ్ళను కాదని పోయింది గదనమ్మా. ఆ కొత్త దేవుడే సూస్కుంటడు తియ్యి, ఆయననే అడుగుమను."

పెట్టేసింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇంకోసారి చేశాను, స్విచాఫ్. ఆమెకు నేను బాకీ ఉన్న జవాబు ఇప్పటికీ నా నోట్లోనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం కోరుట్ల నుంచి రజిత వాళ్ళ పాస్టరు బండి మీద వచ్చాడు. బస్సుల్లేని రోజుల్లో అంత దూరం వచ్చాడు, ఆ మాట ఒప్పుకుంటాను. చేతులు కడుక్కోమంటే కడుక్కున్నాడు. బిడ్డ కోసం బాగానే ప్రార్థన చేశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"మొదటి బిడ్డ పోయినప్పుడు నువ్వు సణిగినవ్ చెల్లే. నాకు గుర్తున్నది. ఎందుకు ప్రభువా, ఎందుకు ప్రభువా అని వారాలకు వారాలు సణిగినవ్. సణుగుడు దేవునికి అసహ్యం. బైబిల్ల, అరణ్యంల దేవుని మీద సణిగినోళ్ళు ఏమైపోయిన్రో ఎర్కనే గదా. ఇప్పుడన్న విశ్వాసం సూపెట్టాలె."

సణుగుడు మా క్రైస్తవ సంఘాల్లో పెద్ద నేరం. బయట ఫిర్యాదు అంటారు, లోపల సణుగుడు అంటారు. రెండింటికీ నేను పాత నేరస్తురాలిని. ఉండబట్టలేక, "బాలెంతకు గిప్పుడు గా మాటలెందుకు అయ్యగారూ" అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మీది ఏ సంఘం?"

"పాత మిషన్ చర్చి."

"గదే అనుకున్న. మీ దగ్గర పాటలుంటయ్ గని పరిశుద్ధాత్మ అగ్గి ఉండది."

"మీ దగ్గరనైతె అగ్గి ఉన్నది గద అయ్యగారూ. ఈడ కరెంటే లేదు. గా అగ్గి జెర వార్మర్ల పెట్టిపోరాదున్రి."

ఖాలా అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు నవ్వలేదు. వెళ్ళేముందు రజిత చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. ఆమె తల ఊపింది. అదేమిటో అప్పుడు నాకు తెలియదు.

ఆ తర్వాతే పాలు తగ్గడం మొదలైంది. అంత చిన్న పిల్లలకు రొమ్ము పీల్చే బలం ఉండదు. తల్లి పాలు గిన్నెలోకి పిండి, ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నని ఫీడింగ్ ట్యూబ్ ద్వారా పోస్తాం. మొదట్లో బిడ్డకు పోయగా మిగిలేవి. తర్వాత సరిపోయాయి. తర్వాత గిన్నె అడుగు తడిసేటంత వచ్చాయి. డాక్టరు గారు ముఖం చిట్లించారు. పొడిపాలు పోయవచ్చు, కాని నెలలు నిండని పేగులకు అవి పడకపోతే బిడ్డ దక్కదు, తల్లి పాలే మందు అన్నారు. రజితను, "తింటున్నావా?" అని అడిగారు. "తింటున్న సార్" అంది. డబ్బా రోజూ ఖాళీగానే కడిగి ఉండేది. నేనూ చూశాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కింద రోడ్డు మీద డప్పులు, జై తెలంగాణ కేకలు. ఆ రోజు మా ఆసుపత్రి ముందే వంటావార్పు. నేను ఇంకో బిడ్డకు మందు ఎక్కిస్తున్నాను.

"సిస్టర్! పిల్ల! పిల్ల!" అని ఖాలా అరిచింది.

రజిత కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోతోంది. కళ్ళు తేలేసింది. కట్టు జారి బిడ్డ తల మంచం అంచు మీదికి వేలాడుతోంది. నేను వెళ్ళేలోగా ఖాలా ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో తల్లిని ఆపింది. బిడ్డ పాదాలు చల్లబడ్డాయి. ఆలోచించే సమయం లేదు. ఏప్రన్ విప్పి, బిడ్డను నా గుండెకే పెట్టుకొని ఆ గుడ్డతోనే కట్టుకున్నాను. రజిత మొహం మీద నీళ్ళు చల్లి, గ్లూకోజు నీళ్ళు తాగించబోతే పళ్ళు బిగపట్టింది.

"వద్దు సిస్టరమ్మా. ఉపాసమున్న."

అప్పుడు బయటపడింది. పాస్టరు చెవిలో చెప్పింది అదే. బిడ్డ గండం గడిచేదాకా ఉపవాస ప్రార్థన. ఉపవాసం నలుగురికీ చెప్పుకుంటే ఫలం పోతుందని మా వాళ్ళ నమ్మకం, అందుకని ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్త పంపిన అన్నం ఇంకో వార్డు ఆయాకు పెట్టి, డబ్బా కడిగి పెట్టింది. నీళ్ళతో నోరు మాత్రం తడుపుకుంది. బిడ్డ బతకాలని చేసిన పని బిడ్డ నోటి దగ్గరి పాలనే ఎండగట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా ఖాలా అందుకుంది.

"యా అల్లా! మా రంజాన్ రోజాల సుదా బాలెంతకు మాఫీ ఉంటది బేటీ. పిల్ల పాలు తాగినన్నొద్దులు రోజా లేదు, తర్వాత ఉండుమంటరు. మీ దేవునికి గంత రహమ్, గంత దయ లేదా?"

"లేదు ఖాలా!"

అరిచింది రజిత. గదిలో అందరూ తిరిగి చూశారు. అన్ని రోజులూ గొంతు పైకి లేవని మనిషి.

"రహమ్ ఉంటె నా పెద్ద బిడ్డను తీస్కపోతుండెనా? ఆయన కోసం అమ్మగారింటిని ఇడిసిన. ఆయన నన్నిడిసిండు. ఏం జేసిన నేను? ఎవలకు పాపం జేసిన? పిలిస్తె పలుకడు. సూడడు. ఉన్నడా అసలు?" అని, వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయ్యో... మళ్ళ సణిగిన."

"సణుగు" అన్నాను. "ఇంకింత గట్టిగ సణుగు."

నా గుండె మీద బిడ్డతోనే ఆమె పక్కన కూర్చున్నాను.

"సిలువ మీద ప్రభువు ఏం జేసిండు రజితా? నన్నెందుకు ఇడిసినవ్ అని తండ్రిని అడిగిండా లేదా? లోలోపల గూడ కాదు, కేకేసి అడిగిండు. అది సణుగుడేనా? అట్లయితె మీ అయ్యగారిని పోయి ఆయనకు గూడ జెప్పుమను, విశ్వాసం తక్కువున్నది ఉపాసముండుమని."

ఆమె నన్నే చూస్తోంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాను. నా భర్త కరీంనగర్ రోడ్డు మీద లారీ కింద పడి పోయినప్పుడు నేను చాలాకాలం ప్రార్థన మానేశాను. చర్చికి పోయేదాన్ని, పాట పాడేదాన్ని, లోపల ఒక్క మాట ఉండేది కాదు. ఒకరోజు గిన్నెలు తోముతూ దేవుణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. నోటికొచ్చినట్టు, బయటికే. చాలాసేపు తిట్టాక నాకే ఆశ్చర్యం వేసింది.

"గోడతోటి ఎవలన్న కొట్లాడుతరా? ఎదురుంగ మనిషున్నడంటెనే కొట్లాడుతం. నేను ఆయన లేడనుకున్నన్ని దినాలు సప్పుడు జెయ్యలే. తిట్టిన దినమే ఆయన ఉన్నట్టు నాకు తెలిసింది. నువ్వు గూడ కొట్లాడు. గని తిని కొట్లాడు. పాత నిబంధనల ఒక ప్రవక్త, రాణి సంపుతదని అడవిలకు ఉరికి, ఇగ నన్ను సంపెయ్యి ప్రభువా అని చెట్టు కింద పన్నడు. దేవుడు ఆయనను తిట్టిండా? నీకు విశ్వాసం లేదన్నడా? దూతతోటి రొట్టె, నీళ్ళు పంపిండు. లేసి తిను అన్నడు. తిన్నంక మళ్ళ నిద్రపోతె మళ్ళ లేపి మళ్ళ తినిపిచ్చిండు. గంతే."

రజిత పక్కనున్న డబ్బా మూత తీసి చూసింది. తర్వాత, చిన్నపిల్లలా, "డబ్బల అన్నం లేదు గద సిస్టరమ్మా, ఆయమ్మకు పెట్టిన" అంది.

ఖాలా అప్పటికే మెట్లు దిగుతోంది. రోడ్డు మీది వంటావార్పు దగ్గరికి పోయి విస్తరాకులో పొగలు కక్కే పప్పు, అన్నం పట్టుకొచ్చింది. రొప్పుతూనే కథ చెప్పింది. "ఎవలకు ఖాలా అని వడ్డించే పోరడు అడిగిండు. పైన బాలెంతకన్న. బాలెంతకా, గా మిరపకాయలు తీసి ఎయ్యిరా, అన్నం ఎక్కువెయ్యిరా అని పెద్ద లొల్లి జేసిండు. పోరి పుట్టిందన్న. తెలంగాణ అని పేరు పెట్టుమన్నడు."

రజిత నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఏడుస్తూ, నవ్వుతూ, తిన్నది. మధ్యలో పైకి చూసి, పెదవులు కదిపి ఏదో అంది. ప్రార్థనో, తిట్టో నేను అడగలేదు.

అప్పుడే మేనేజరు గారు వచ్చారు. నా గుండె మీద గుడ్డ కట్టు చూసి, "ఏంది సిస్టర్, డ్యూటీల గీ వేషం?" అన్నారు.

"వార్మర్ సార్. దీనికి డీజిల్ వద్దు."

ఆ రోజు సాయంత్రం నుంచి పిల్లల గదికి జనరేటరు నడిచింది. నా మాటకు సిగ్గుపడి నడిపించారని నేను అనుకోను. కింద వంటావార్పు కుర్రాళ్ళకు ఖాలా ఏసీ సంగతి కూడా చెప్పి వచ్చింది. వాళ్ళు కౌంటరు దగ్గరికి వచ్చి అడిగారట.

పాలు వెంటనే రాలేదు. రజిత తింటూ, నీళ్ళు తాగుతూ, బిడ్డను కట్టుకొని కూర్చునేది. అలసిపోతే ఖాలా కట్టుకునేది. బుర్ఖా ముందు గుండీలు విప్పి, యేసయ్య బిడ్డను గుండెకు పెట్టుకొని, తన మనవడికి జోల పాడుతూ ఉండేది. మెల్లగా గిన్నెలో పాలు మళ్ళీ పైకి వచ్చాయి. బిడ్డ ట్యూబు వదిలి రొమ్ము పట్టిన రోజు డాక్టరు గారు, "చెప్పాను కదా, కంగారూ కేర్ అంటే అంతే" అన్నారు. చెప్పారు, నిజమే. ఫోను చూసుకుంటూ చెప్పారు.

కొన్ని నెలల తర్వాత కోరుట్లలో రజిత వాళ్ళ సంఘం కృతజ్ఞత కూడిక పెట్టింది. నన్ను పిలిచారు, వెళ్ళాను. పాస్టరు మైకు ముందు నిలబడి, "మన చెల్లె ఉపాస ప్రార్థనకు దేవుడు జవాబిచ్చిండు, హల్లెలూయ!" అన్నాడు. నాకు రక్తం తలకెక్కింది. లేవబోయాను. మా చర్చిల్లో మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి, అది ఆనవాయితీ. నాకంటే ముందు రజిత బిడ్డను ఎత్తుకొని మైకు దగ్గరికి నడిచింది.

"నేను అబద్ధ సాక్ష్యం జెప్ప" అంది. బిడ్డను భుజం మీదికి జరుపుకుంది. "ఉపాసమున్నప్పుడు నా బిడ్డ ఎండిపోయింది. తిన్నంక బతికింది. రోడ్డు మీద వండిన పప్పన్నం తిని బతికింది. దేవుడు ఇడిసిపెట్టిండనుకున్న. ఆయనతోటి కొట్లాడిన. నన్ను తిట్టలే, అన్నం పంపిండు. ఒక తురుక ఖాలా చేత పంపిండు. అయ్యగారూ, మీరు మంచికే జెప్పిన్రు గని, ఇంకెవ్వల బాలెంతకు గా మాట జెప్పకున్రి. నా దండం."

ఎక్కడో వెనక నుంచి ఒక ముసలామె, "ఆమెన్ బిడ్డా" అంది. పాస్టరు తానూ "ఆమెన్" అన్నాడు. నన్ను మాత్రం పలకరించలేదు. పాత మిషన్ చర్చి వాళ్ళకు అగ్గి లేదన్న మాటను ఇవాళ్టి వరకూ వెనక్కి తీసుకోలేదు. నేను మరచిపోలేదు. రజిత తల్లి తర్వాత ఒకసారి సిరిసిల్ల నుంచి వచ్చి మనవరాలిని చూసి, చాయ్ తాగకుండానే పోయిందట. రజిత అది చెప్పి సంతోషపడింది. నేనైతే ఆ చాయ్ కూడా నా ఫిర్యాదుల లెక్కలో రాసుకున్నాను.

పిల్లల గదిలో పనిచేసేవాళ్ళకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. పుట్టగానే కేరుమని ఏడ్చే బిడ్డను చూసి ఎవరూ కంగారుపడరు. ఆ ఏడుపుతోనే ఊపిరి లోపలికి పోతుంది. ఏడవని బిడ్డ దగ్గరికే నర్సు పరుగెత్తాలి. నేను ఆ పాఠాన్ని ఏళ్ళ తరబడి చేతులతో పాటించాను. అది మంచం మీది తల్లికీ, ఆమె ప్రార్థనకూ వర్తిస్తుందని రజిత దగ్గరే తెలుసుకున్నాను. ఆమె "దేవుడు ఇడిసిపెట్టిండు" అని నిమ్మళంగా చెప్పిన రోజే నేను పరుగెత్తవలసింది. "ఉన్నడా అసలు?" అని అరిచిన మధ్యాహ్నం ఆమెకు ఊపిరి వచ్చింది.

నన్ను ఇప్పటికీ ఫిర్యాదుల సిస్టరనే పిలుస్తారు. పిలవనీయండి. వినేవాడు ఉన్నాడని నమ్మకం లేకపోతే నేను ఇన్నేళ్ళు ఫిర్యాదు చేసేదాన్నే కాదు.